అరగంట వెనక గడియారం

ఆయన పోయాడన్న కబురు మరిపెడలో పరీక్షల డ్యూటీ ముగించుకుని బస్సులో తిరిగొస్తుంటే తెలిసింది. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫోటో పెట్టారు. అదే బూడిదరంగు సఫారీ సూటు, జేబుకు రెండు పెన్నులు. కింద వరసగా దండాలు, పూలు, దీపాలు. "మహానుభావుడు." "తీరని లోటు." "నింగికెగసి నక్షత్రమయ్యారు." చివరిది చదివి నాకు నవ్వొచ్చింది. పక్క సీట్లో కూరగాయల గంపతో కూర్చున్న ముసలామె "ఏంది బిడ్డా, మంచి ముచ్చటనా?" అని అడిగింది. "కాదవ్వా, మా సారొకాయన సచ్చిపోయిండు" అన్నాను. ఆమె నా మొహంలోకి ఓసారి చూసి, గంపను తన వైపు లాక్కుంది.

గ్రూపులో నేను పువ్వు పెట్టలేదు. ఆ సంగతి ప్రిన్సిపాల్ గమనించినట్టున్నాడు. బస్సు దిగకముందే ఫోన్ చేశాడు.

"అమ్మా, శుక్రవారం సంతాప సభ పెట్టుకుంటున్నం. నువ్వు మాట్లాడాలె. ఆ టెలిస్కోపు కాడ సారుతోని ఎక్కువ ఉన్నది నువ్వే గదా."

"నేనొద్దు సార్. వేరేవాళ్లతోని మాట్లాడియ్యుండ్రి."

"నువ్వే కావాలె. కొడుకులు జనగామ నుంచి వస్తున్నరు." ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "రెన్యువల్ దినాలు. జర సూసి మాట్లాడు తల్లీ."

నేను మహబూబాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను, గెస్ట్ లెక్చరర్‌గా. ఏటా ఎండాకాలం వచ్చిందంటే మమ్మల్ని ఉంచుతారో పంపిస్తారో తెలియక ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటాం. ఆ కాస్త బతుకుదెరువును ఒకసారి రోడ్డున పడేసింది ఈ మహానుభావుడే. ఆయన గురించి నాలుగు మంచి మాటలంటే ఎక్కడని వెతకను?

ఆయన మా కాలేజీ ఉద్యోగి కూడా కాదు. నేను చేరేనాటికే రిటైరై జనగామలో సొంతింట్లో ఉండేవాడు. భూములున్న ఇల్లు. తమ్ముడు రాజకీయాల్లో పెద్దమనిషి. మా మేడ మీది టెలిస్కోపు ఆయన హెడ్డుగా ఉన్న రోజుల్లో ఆ తమ్ముడి పలుకుబడితో వచ్చింది. అందుకని టెలిస్కోపు కాలేజీదైనా తాళం మాత్రం ఆయనది. వారానికోసారి పొద్దుటి రైల్లో దిగేవాడు. తాళంచెవిని చొక్కా కాజాకు దారంతో కట్టుకునేవాడు. మనతో మాట్లాడుతూనే మధ్యమధ్య దాన్ని తడిమి చూసుకునేవాడు, మన చెయ్యి అక్కడిదాకా పోయిందేమో అన్నట్టు.

వచ్చాక కుర్చీని జేబురుమాలుతో తుడుచుకుని కూర్చునేవాడు. అటెండర్ యాదగిరన్న అప్పుడే, ఆయన కళ్లముందే, తుడిచి ఉండేవాడు. అయినా తుడిచేవాడు. చాయ్ ఫ్లాస్కులో ఇంటి నుంచే తెచ్చుకునేవాడు. "మానుకోట నీళ్లు నాకు పడయి" అనేవాడు. మహబూబాబాద్‌ను మేమంతా ముద్దుగా పిలుచుకునే పాత పేరే అది. ఆయన నోట్లోంచి వస్తే మాత్రం తిట్టినట్టుండేది.

మనుషుల్ని పేరు పెట్టి పిలవడం ఆయనకు అలవాటు లేదు. ఎవరినైనా ఊరి పేరుతోనే పిలిచేవాడు. మాది పెద్దవంగర. "పెద్దవంగరా, ఇటు రా." "పెద్దవంగరా, ఫ్యాన్ బంద్ చెయ్." నాకొక పేరుందని ఆయనకు తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్లలు కూడా ఆయన అడిగితే పేరు చెప్పడం మానేసి ఊరే చెప్పేవాళ్లు. తండాల నుంచి వచ్చే ఆడపిల్లలకు ఆ భాగ్యమూ లేదు. వాళ్లందరూ "తండా"యే. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన మొహం చూసేవాడు కాదు, కాళ్లకున్న చెప్పులు చూసేవాడు. చెప్పులు నచ్చితే జవాబొచ్చేది.

పిల్లలకు చందమామను చూపించే సాయంత్రం ఆయన దర్జా చూడాలి. అందరినీ గోడవారగా నిలబెట్టి "ముట్టుకోవద్దు, సూడుండ్రి" అనేవాడు. పిల్ల కన్ను ఆనించి, అదేమిటో అర్థమయ్యేలోపే "ఆ, సాలు" అని కటకానికి అరచెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆఫీసర్ల పిల్లలొచ్చిన రోజు ఆ అరచెయ్యి జేబులోనే ఉండేది. ఒకసారి నోరున్న అమ్మాయి ఒకతె ఉండబట్టలేక "ఏం సార్, మేం సూస్తే అరుగుతదా?" అని అడిగేసింది. ఆయన ఆ పిల్ల చెప్పులు చూశాడు. మరుసటి రోజు నుంచి టెలిస్కోపు రిపేరులో ఉందన్నారు. ఆ రిపేరు చాన్నాళ్లు సాగింది, రిపేరు చేసేవాడు మాత్రం ఎవడూ రాలేదు.

ఇక గడియారం సంగతి. మేడ మీద టెలిస్కోపు పక్కనే చిన్న గది ఉంది. అందులో లావుపాటి తెర ఉన్న పాత కంప్యూటరు, గోడకు ఒక గడియారం. ఆ గడియారం అరగంట వెనక నడిచేది. కంప్యూటర్లో టైమూ అంతే, ఈ గడియారం చూసే ఆయన అందులో టైము పెట్టేవాడు. నేను చేరిన కొత్తలో సరిచేయబోతే యాదగిరన్న నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"దాని జోలికి పోకమ్మా. ఈ గదిల టైము గంతే. నీకంటె ముందు మేడం సక్క జేసింది. సారు ఆమెను అందరి ముంగట ఏడిపిచ్చిండు."

"ఎందుకట్లా?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? దొరల టైము."

స్టాఫ్ రూములో అందరిదీ ఇదే మాట. బస్సు ఆలస్యమైతే "సారు టైముకు వచ్చింది" అని నవ్వుకునేవాళ్లం. ఊరి మీద పెత్తనం చాలక గడియారం మీద కూడా చేస్తున్నాడనుకున్నాం. పెత్తనం అలవాటైన ఇళ్లను చూసి చూసి ఉన్న ప్రాంతం మాది. అందుకని ఏ వంకర కనిపించినా దానికి కారణం పొగరే అనుకుంటాం. దీనికి వేరే కారణం ఉండొచ్చని ఎవరికీ తోచలేదు.

ఒక వానాకాలం పిడుగు పడి ఆ పాత కంప్యూటరు కాలిపోయింది. అప్పటి ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, కొత్త ల్యాప్‌టాప్‌తో టెలిస్కోపును నడిపించమన్నాడు. "పైనుంచి ఆఫీసర్లు వస్తున్నరు. గిది ఆడితే నీ పోస్టు ఉంచుమని గట్టిగ అడుగుత. ఆడకపోతే నేను ఏం మొహం పెట్టుకొని అడగాలె?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో దాపరికం లేదు. నాకూ పంతం వచ్చింది.

పని చెప్పుకోవడానికి సులువే. టెలిస్కోపు మోటార్లను తిప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. మా డ్రైవర్‌ను తయారుచేసిన విదేశీ కంపెనీ ఎప్పుడో మూతపడింది. అది పాత కాలపు మాటలే మాట్లాడుతుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఆకాశం మ్యాపు చూపించే ప్రోగ్రాముల మాట వేరు. తెర మీద చంద్రుణ్ణి నొక్కితే పైన టెలిస్కోపు తనంతట తాను చంద్రుడి వైపు తిరగాలంటే, ఈ రెండింటి నడుమ దుబాసీలాంటి ఇంకో ప్రోగ్రాము కూర్చోవాలి. పైగా టెలిస్కోపు వైరు కూడా పాతదే. దాన్ని గుచ్చడానికి ల్యాప్‌టాప్‌లో చోటే లేదు. హనుమకొండ దుకాణాలన్నీ తిరిగి దానికో కన్వర్టర్ పట్టుకొచ్చాను.

నేను ఆ పని మొదలుపెట్టానని తెలియగానే సారు జనగామ నుంచి రోజూ రావడం మొదలుపెట్టాడు. సాయం చెయ్యడానికనుకుని మొదట సంతోషించాను కూడా. వెనక కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీసేవాడు, పెట్టేవాడు. నేనేదైనా తప్పు నొక్కితే టిక్ మనేది. "ఏమైంది సార్?" అంటే "ఏం లేదు, నీ పని నువ్వు చేస్కో" అనేవాడు. డ్రైవర్‌తో వచ్చిన పుస్తకం ఉందా అని అడిగాను.

"ఉన్నది. జనగామల ఉన్నది."

"జర తెస్తరా సార్?"

నా చెప్పులు చూశాడు. పుస్తకం రాలేదు.

అయినా దుబాసీ కుదిరింది. ఒక మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో నొక్కితే పైన గొట్టం గరగరమంటూ తిరిగింది. బయట ముసురు, ఆకాశం కనిపించే రోజులు కావు. సరిగ్గా ఎటు తిరిగిందో చూసుకునే వీల్లేదు. తిరిగిందే చాలని ఎగిరి గంతేశాను. ల్యాప్‌టాప్ ఇంటర్నెట్ నుంచి అసలు టైము తీసుకుంటోంది, గోడ గడియారం దానితో కలవడం లేదు. ఆ సంబరంలో స్టూలు ఎక్కి గడియారాన్ని కూడా సరిచేశాను. వెనక నుంచి టిక్ మంటుందని ఎదురుచూశాను. అనలేదు. తిరిగి చూస్తే ఆయన గడియారం చూశాడు, ల్యాప్‌టాప్‌లో టైము చూశాడు, నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం అదే మొదలు.

"మంచిగ జేసినవు పెద్దవంగరా" అన్నాడు.

మెచ్చుకున్నాడనుకున్నాను. ఇంటికెళ్లి అమ్మకు చెప్పుకున్నాను, సారు మెత్తబడ్డాడని. ఆ నవ్వును మాత్రం నేను చచ్చినా క్షమించను. ఆయన చచ్చినా క్షమించను.

ఆఫీసర్లు వచ్చిన సాయంత్రం వాన తెరిపిచ్చింది. మేడ మీద కుర్చీలు వేశారు. ఇంకా వెలుతురు ఉండగానే నెత్తి మీద చంద్రుడు స్పష్టంగా కనిపిస్తున్నాడు. ముందు వరసలో ఆయన, కాలు మీద కాలేసుకుని. నేను ల్యాప్‌టాప్‌లో చంద్రుడి మీద నొక్కాను. టెలిస్కోపు ఠీవిగా కదిలింది, తిరిగింది, లేచింది, ఆగింది. చంద్రుడికి పక్కగా, పడమటి వైపు ఏమీ లేని చోట ఆగింది. మళ్లీ నొక్కాను. ఇంచైనా కదల్లేదు, తాను చూస్తున్నదే చంద్రుడన్నంత ధీమాగా ఉంది. చివరి వరసలో ఎవరో "చందమామ గాడుంటే గిది గిటు సూస్తున్నదేంది?" అన్నారు. అందరూ నవ్వారు. పెద్ద ఆఫీసరు కూడా నవ్వు దాచుకున్నాడు. వైరు ఊడదీసి పెట్టాను, ప్రోగ్రాము ఆపి మొదలుపెట్టాను. మళ్లీ అదే చోటు, అదే శూన్యం.

ఆఫీసర్లు లేవబోతుంటే అప్పుడు లేచాడు ఆయన. తొందరేమీ లేదు. జేబురుమాలు తీసి నేను లేచిన కుర్చీ తుడిచి కూర్చున్నాడు. ల్యాప్‌టాప్‌లో టైమును అరగంట వెనక్కి తిప్పి, చంద్రుడి మీద నొక్కాడు. గొట్టం కొద్దిగా తూర్పుకు జరిగి ఆగింది. "రాండ్రి సార్, సూడుండ్రి" అన్నాడు ఆఫీసరుతో. గుంటలతో, గీతలతో చంద్రుడు కటకం నిండా ఉన్నాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్యలో ఆయన అందరికీ వినపడేలా అన్నాడు.

"పెద్దవంగరా, దాని జోలికి పోవద్దని గందుకే అంటరు."

ఆ ఏడు నా రెన్యువల్ రాలేదు. ప్రిన్సిపాల్ అడిగాడో లేదో తెలియదు. అడిగినా ఏ మొహంతో అడుగుతాడు? అమ్మను పెద్దవంగరలో వదిలి భూపాలపల్లిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరాను. పొద్దస్తమానం బొగ్గు లారీలు. ఆరేసిన తెల్ల బట్ట తెల్లగా ఇంట్లోకి రాదు. హాస్టలు పిల్లలకు కాపలా కూడా నేనే. రోజుకోసారైనా ఆ మేడ గుర్తొచ్చి ఒళ్లు మండేది. ఆయన చేసిందేమిటో చూశాను, ఎందుకో మాత్రం అంతుపట్టేది కాదు.

ఒకనాడు దేశాల టైము తేడాల లెక్క చెబుతున్నాను. బోర్డు మీద ప్రపంచ టైము కంటే మన దేశం ఐదున్నర గంటలు ముందని రాశాను. రాసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ అర! గ్రహాల చోటు లెక్కగట్టాలంటే ప్రపంచానికంతటికీ ఒకటే ఉన్న టైము కావాలి. దానికోసం డ్రైవర్ మన టైములోంచి మన తేడాను తీసేస్తుంది. మా డ్రైవర్ చేసినవాళ్ల దేశంలో తేడాలన్నీ నిండు గంటలే కావచ్చు. అందులో అరగంట రాసే చోటే పెట్టలేదు. మనం ఐదున్నర ఇస్తే అది ఐదు ఉంచుకుని అర మింగేస్తుంది. అందుకని ఆయన గడియారాన్నే అరగంట వెనక్కి తిప్పి లెక్క సరిపెట్టాడు. నేను టైము సరిచేశాను కాబట్టి పాపం టెలిస్కోపు అరగంట తర్వాత చంద్రుడు రాబోయే చోటు వైపు చూసింది. అది తప్పు చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

తెలివైన ఉపాయమే. కాదనను. అందుకే నాకు కోపం ఇంకా ఎక్కువైంది. చేతకానివాడైతే జాలిపడి ఊరుకునేదాన్ని. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయే సంగతి అది. దాన్ని దాచుకుని, నేను స్టూలెక్కి నా గొయ్యి నేనే తవ్వుకుంటుంటే కూర్చుని నవ్విన మనిషాయన.

నేను లేని ఆ ఏడాది కాలేజీలో మంచి తమాషా జరిగిందట. ఆయన ల్యాప్‌టాప్ టైమును వెనక్కి తిప్పడం, అది ఇంటర్నెట్ తగలగానే ముందుకు రావడం. ఆయన తిట్టడం, అది వినకపోవడం. యాదగిరన్న ఇప్పటికీ ఆ ముచ్చటను అభినయించి చూపిస్తాడు. ఊరి పేరు పెట్టి పిలిచినా, చెప్పులు చూసినా లొంగనిది ఆయనకు జీవితంలో అదొక్కటే తగిలి ఉంటుంది. చివరికి టెలిస్కోపు మీద పరదా కప్పేశారు. కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్, ఇప్పుడున్నాయన, సారు శిష్యుడే అయినా గత్యంతరం లేక నన్ను వెనక్కి పిలిచాడు. నేను దుబాసీ ప్రోగ్రాములో చిన్న మార్పు చేశాను. ల్యాప్‌టాప్ ఇచ్చే అసలు టైమును అదే అరగంట తగ్గించి పాత డ్రైవర్‌కు చెబుతుంది. ఇక ఏ గడియారాన్నీ ఎవరూ తిప్పక్కర్లేదు.

అది పనిచేసిన రోజు ఆయన గదిలోనే ఉన్నాడు. గొట్టం నేరుగా చంద్రుడి మీదికి పోయి ఆగింది. పెన్ను మూత కదల్లేదు. నేను ఆయన ఎదురుగా నిలబడి అడిగాను.

"నాకు ముందుగాల ఎందుకు చెప్పలేదు సార్?"

"నన్ను అడిగినవా?"

"పుస్తకం అడిగిన."

"గడియారం సంగతి అడిగినవా?"

"నేను స్టూలెక్కి దాన్ని తిప్పుతుంటే మీరు సూసిండ్రు సార్."

"సూసిన" అన్నాడు. అంతే. కాజాకున్న తాళంచెవిని తడుముకుంటూ మెట్లు దిగి, స్టేషన్‌కు వెళ్లిపోయాడు. అదే మా చివరి మాట.

శుక్రవారం సభలో అందరూ మాట్లాడారు. క్రమశిక్షణ అన్నారు, నిబద్ధత అన్నారు. ఫోటో పెట్టడానికి అందరం మేడ మీది గదికి వెళ్లాం. ఇద్దరు కొడుకులు ముందు నిలబడ్డారు. మెట్ల దాకా పిల్లలు. ప్రిన్సిపాల్ గోడ వైపు చెయ్యి చూపించి, "ఈ గడియారం మళ్ల అరగంట ఎనకకు పెట్టిచ్చిన. సారు యాదికి ఇగ గిట్లనే ఉంటది" అన్నాడు. ఆయన గొంతు నిజంగానే వణికింది. తర్వాత నన్ను మాట్లాడమన్నాడు.

రెన్యువల్ గుర్తుంది. భూపాలపల్లి గుర్తుంది. అమ్మ ఒక్కతే ఉన్న ఆ ఏడు గుర్తుంది. రెండు పొగడ్తలు పొగిడి దిగిపోదామనే అనుకున్నాను, ఒట్టు. గడియారం చూసేదాకా.

"యాదగిరన్నా, జర స్టూలు" అన్నాను.

ఆయన ఒకసారి ప్రిన్సిపాల్ వైపు చూసి, స్టూలు తెచ్చి వేసి, అది కదలకుండా పట్టుకున్నాడు. ఎక్కి గడియారాన్ని అసలు టైముకు తిప్పాను. దిగి, ఇది అరగంట వెనక ఎందుకు నడిచేదో పిల్లలకు చెప్పాను. డ్రైవర్ మింగిన అర గురించి, ఐదున్నర గురించి, చంద్రుడు రాబోయే చోటు గురించి అంతా చెప్పాను. "సారుకు ఇది తెలుసు. ఈ కాలేజీలో ఇంకెవరికీ తెలియదు" అన్నాను. పెద్ద కొడుకు తలెత్తి నన్నే చూస్తున్నాడు. ప్రిన్సిపాల్ నేల చూస్తున్నాడు. నా రెన్యువల్ కాగితం ఇది రాసే నాటికి కూడా రాలేదు. వస్తుందన్న నమ్మకం కూడా లేదు.

మెట్ల దగ్గర నుంచి ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, గింత ముచ్చట తెలిసి సారు ఎవ్వలకు ఎందుకు చెప్పలె?"

"ఎవరూ అడగలేదట" అన్నాను. "నువ్వు అడిగినవు. ఇటు రా. నీ పేరేంది?"

"తండా, మేడం."

"ఊరు కాదు బిడ్డా. పేరు."

ఆ పిల్ల ఫోటో వైపు ఓసారి చూసింది.

"సరిత."

"రా సరితా" అన్నాను, టెలిస్కోపు వైపు నడుస్తూ. "ముట్టుకో."